ఏ నగరము వాసయోగ్యము?

ఏ యూర నివసింపవలెను, ఏ యూరి పొలిమేర దాటరాదు అను ప్రశ్నకు తెలుగువారు అక్షరాభ్యాసమైన కొలది కాలమునకే ఒక సమాధానమును కంఠస్థము చేసియుందురు. సుమతీశతకకర్త నాలుగు లక్షణములు చెప్పి ఊరకున్నాడు: అక్కరకు ఋణమొసగు ధనవంతుడు, రోగము వచ్చినపుడు నాడి చూచు వైద్యుడు, వేసవియందును ఎండిపోని నీరు, శుభాశుభకర్మలు నడపు బ్రాహ్మణుడు. చాణక్యనీతి పేర వ్యాప్తియందున్న శ్లోకమొకటి ఇంచుమించుగా ఈ మాటనే చెప్పుచున్నది గాని అందు లక్షణములు అయిదు. ధనికుడు, శ్రోత్రియుడు, నది, వైద్యుడు అనువానికి తోడుగా రాజును గూడ అది లెక్కించినది. తెలుగు కవి ఆ రాజును ఏల విడిచెనో, పద్యమున చోటు చాలకనో, రాజు లేకున్నను ఊరు నడచుననెడి అనుభవము చేతనో, మనము ఊహింపవలసినదే. ఈ విడుపు చిన్నదిగా కనబడును గాని, నేటి నగరముల మంచిచెడ్డలు విచారించువారికి ఇది పెద్ద చిక్కే అగుచున్నది.

ఇప్పుడు ఈ నిర్ణయము చేయువారు శతకకర్తలు కారు, గణకులు. లండనునందలి ఎకనామిస్టు పత్రిక అనుబంధ పరిశోధనసంస్థ 173 నగరములను భద్రత, వైద్యము, సంస్కృతీ పరిసరములు, విద్య, మౌలిక వసతులు అను అయిదు శీర్షికల క్రింద ముప్పదికి మించిన అంశములతో తూచి ఏటేట ఒక వరుసను ప్రకటించుచుండును. 2011 మొదలు 2017 వరకు మెల్బోర్ను, పిమ్మట పలుమారులు వియన్నా అందు అగ్రస్థానమున నుండగా, 2025లో ఆ గౌరవము కోపెన్‌హేగనునకు దక్కినది. మెర్సర్ అను వేరొక సంస్థ 39 అంశములతో ఇట్టి పట్టికనే కూర్చుచుండును. 2019లో వియన్నా అందు వరుసగా పదియవమారు ప్రథమస్థానమందగా, హైదరాబాదును పుణెయు సమముగా 143వ స్థానమున నిలిచి భారతదేశమునకెల్ల మేలైన నగరములనిపించుకొన్నవి. ఇట్టి వార్త వచ్చిన నాడు మన పత్రికలు పతాకశీర్షికలెత్తుటయు, మంత్రులు ఒకరినొకరు అభినందించుకొనుటయు ఆచారమైనది. ఈ పట్టికలు ఎవరి కొరకు పుట్టినవో మాత్రము తరచుగా ఎవరును అడుగరు. బహుళదేశవ్యాపార సంస్థలు తమ ఉద్యోగిని పరదేశమునకు పంపునపుడు, అచ్చటి కష్టమునకు పరిహారముగా అతని జీతముపై ఎంత భత్యము చేర్చవలెనో నిర్ణయించుకొనుటకు ఇవి ముఖ్యముగా పనికివచ్చును. ఆ ఉద్యోగికి ఇల్లు సంస్థయే చూపును, వాహనము సంస్థయే ఇచ్చును. అతని కంటికి కానవచ్చు నగరమును, తెల్లవారుజామున కూలి అడ్డామీద తాపీమేస్త్రీ పిలుపుకై నిలిచియున్న పాలమూరు వలసకూలి చూచు నగరమును ఒక్కటి కావు.

మన కేంద్రప్రభుత్వము వెలువరించిన సులభజీవన సూచిక ఈ విషయమున కొంత మెరుగు. 2018లో 111 నగరములను పరీక్షించి పుణెకు మొదటి స్థానమిచ్చిన ఆ సూచికయందు తిరుపతి నాలుగవదిగాను, విజయవాడ తొమ్మిదవదిగాను నిలిచినవి. 2020 సూచికయందు పౌరులనే ప్రశ్నించి, వారి అభిప్రాయమునకు నూటికి ముప్పది పాళ్లు విలువనిచ్చిరి; అది మెచ్చుకొనదగిన మార్పు. పదిలక్షలకు మించిన జనము గల నగరములలో ఆ మారు బెంగళూరు ప్రథమమైనది. ఆ బెంగళూరే 2024 వేసవియందు బోరుబావులెండిపోయి ట్యాంకర్ల వెంట పరుగులిడినది! సూచిక అబద్ధమాడినదని నా భావము కాదు. ఉద్యోగములను, కళాశాలలను, ఆసుపత్రులను లెక్కించి కూడినచో బెంగళూరునకు అన్ని మార్కులును న్యాయముగనే వచ్చియుండును. అయితే, విద్యార్థికి గణితమున వచ్చిన మార్కులు తెలుగున తప్పిన మార్కులను కప్పిపుచ్చినట్లు, ఉద్యోగముల సమృద్ధి నీటి కొరతను కప్పిపుచ్చరాదు. నీరు లేని నగరమున తక్కిన సమృద్ధియంతయు నీటిని కొనుటకే వెచ్చమగును.

ఈ వ్యాసమునందు నేను అవలంబింపబోవు గీటురాయి ఇదియే గనుక ముందుగనే చెప్పుచున్నాను. ధనమున్నవాడు ఏ నగరమందైనను సుఖముగనే బ్రదుకును. నీటికి ట్యాంకరును, వెలుతురునకు జనరేటరును, పిల్లల చదువునకు ప్రైవేటు బడిని, నడకకు కాపలాగల ప్రాకారములోని పచ్చికబయలును అతడు కొనుక్కొనగలడు. ఎంత తక్కువ ధనముతో మనిషి అందు మర్యాదగా బ్రదుకగలడో, ఎన్ని వస్తువులను అతడు విడిగా కొననక్కర లేదో, దానినిబట్టి నగరము యొక్క మంచితనమును నిర్ణయింపవలెను. స్వచ్ఛమైన గాలిని, వరద రాని వీథిని, నిశ్శబ్దమైన రాత్రిని విడిగా కొనుటకు కోటీశ్వరునకును సాధ్యము కాదు.

ప్రాచీనులు ఈ సంగతి నెరుగనివారు కారు. మైసూరునందు శామశాస్త్రిగారు వెలికితీసి 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున దుర్గనివేశమను ప్రకరణమొకటి గలదు; తూర్పుపడమరలుగ మూడు, ఉత్తరదక్షిణములుగ మూడు రాజమార్గములను వేయుమని అది విధించినది. అంతకంటె నన్నాకర్షించునది నాగరికుడను పురాధికారి ధర్మములను చెప్పు భాగము. వీథిలో చెత్తపోసిన వానికి పణమున ఎనిమిదవ వంతును, బురదనీటితో త్రోవ నడ్డగించిన వానికి నాలుగవ వంతును జరిమానాయట. రాజమార్గమందైనచో అది ఇబ్బడియగును. అగ్నిభయము కొరకు ప్రతి గృహస్థుడును నీటికుండలు సిద్ధముగ నుంచుకొనవలెను. రాజు ఎంత నిరంకుశుడైనను, వీథి అందరిదనెడి స్పృహ ఆ సూత్రములలో కానవచ్చుచున్నది. మన ప్రబంధకవులకు మాత్రము ఈ గొడవ పట్టలేదు. అష్టాదశవర్ణనలలో పురవర్ణన మొదటనే యుండుటచేత పెద్దన మనుచరిత్రమును అరుణాస్పదపురముతో నారంభించెను గాని, ఆయనయు ఆయన వెనుకటి కవులును కోటలను, ఉద్యానములను, మదపుటేనుగులను, పువ్వులమ్ము పడుచుల చమత్కారములను వర్ణించిరే గాని, అంతటి మహానగరపు మురుగునీరు ఎటు పోవుచుండెనో చెప్పినవారు కారు. అదే కాలమున, 1520 ప్రాంతమున, విజయనగరమును దర్శించిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ మాత్రము వ్యాపారి కన్నులతో ఆ నగరపు అంగళ్లను, ధాన్యపు రాసులను, పండ్లతోటలను, చెరువుకట్టలను చూచి, ఆహారసమృద్ధియందు దానికి సాటి వేరొకటి లేదని వ్రాసికొన్నాడు.

పాశ్చాత్యదేశములందు ఈ ప్రశ్న శాస్త్రరూపము దాల్చుటకు కారణము సౌందర్యకాంక్ష కాదు, మృత్యుభయము. పందొమ్మిదవ శతాబ్దిలో లండనునందు కలరా వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనగా, 1854లో డాక్టరు జాన్ స్నో బ్రాడ్ వీథియందలి నీటిపంపునకును ఆ మరణములకును గల సంబంధమును చూపెను. 1858 వేసవియందు థేమ్సునది దుర్గంధము పార్లమెంటుభవనములోనికే చొరబడగా, సభ్యులు త్వరపడి భూగర్భమురుగుకాలువలకు ధనము మంజూరు చేసిరి. పాలకుల నాసికకు సోకినగాని పేదల బాధ బిల్లుగా మారదన్నది నాటినుండి నేటి వరకు స్థిరపడిన సూత్రము. పిదప ఎబినీజర్ హోవర్డ్ అను సామాన్యుడైన శీఘ్రలేఖకుడు 1898లో ఒక చిన్న గ్రంథము వ్రాసి, పల్లెయందలి గాలియు పట్టణమందలి పనియు కలియునట్లు ముప్పదిరెండువేల జనముగల ఉద్యాననగరములు కట్టుడని ప్రబోధించెను. 1903లో లెచ్‌వర్తు అట్లు పుట్టినది. ఆ భావమే చెడి చెడి నేడు మన శివారులలో ద్వారపాలకులు గల విల్లాల సముదాయములుగా పరిణమించుట కాలమహిమ.

హోవర్డుకంటె మనకు దగ్గరివాడు పాట్రిక్ గెడ్డిస్. 1914లో ఈ దేశమునకు వచ్చి పదేండ్లకాలము ఊరూర తిరిగిన ఈ స్కాట్లండు వృద్ధుడు, వెడల్పు రోడ్డుకై పేదల ఇండ్లను బారులు బారులుగ కూల్చు ఇంజనీర్ల ధోరణిని నిరసించి, శస్త్రవైద్యుడు ప్రాణము నిలుపుచు పుండును మాత్రమే కోసినట్లు, పాడుపడిన గోడ నొకదానిని తొలగించి అచ్చట చెట్టు నాటుట, పూడిన బావిని బాగుచేయుట వంటి అల్పవ్యయపు చికిత్సలే చాలునని వాదించెను. ఇండోరు సంస్థానమున ప్లేగు ప్రబలియున్నపుడు దీపావళి ఊరేగింపు బాధ్యతను ఆయన స్వీకరించి, ఏ వీథులవారు తమ ఇండ్లు వాకిండ్లు చక్కగా బాగుచేసికొందురో ఆ వీథులగుండనే ఊరేగింపు సాగునని చాటింపించెనట. మురికిరక్కసుని బొమ్మను, ప్లేగును తెచ్చు పెద్ద ఎలుక బొమ్మను ఊరేగించి, ఊడ్చువారికి పూలమాలలు వేయించెనట. నగరము బాగుపడవలెనన్నచో నగరవాసికి దానిపై మమకారము కలుగవలెనన్న సత్యమును ఇంత సులువుగా గ్రహించిన పురనిర్మాత మరియొకడు లేడు. గెడ్డిస్ పోయిన పిమ్మట మన ప్రభుత్వములు లె కార్బ్యూజియే వంక తిరిగినవి. చండీగఢ్ సుందరమే, విశాలమే. అయినను ఎనిమిదివందల మీటర్లకు పన్నెండువందల మీటర్లుగా గీచిన ఆ దీర్ఘచతురస్రములలో కూరగాయలబండికిని, చెప్పులు కుట్టువానికిని తావెచ్చట అన్న ప్రశ్న గీతలు గీయునాడు ఎవరికిని తోచలేదు. 1961లో న్యూయార్కు గృహిణి, పత్రికారచయిత్రి అగు జేన్ జేకబ్స్ ఈ సంప్రదాయమును తన మహాగ్రంథమున తూర్పారబట్టినది. అంగడులు, ఇండ్లు, పనిపట్టులు కలగలసి, పాతభవనములు కొన్ని మిగిలి, జనము చిక్కగానుండు వీథియే క్షేమకరమనియు, అరుగుమీద కూర్చున్నవారి చూపులే ఆ వీథికి పోలీసులనియు ఆమె సిద్ధాంతము. మన పాతబస్తీలను, బెజవాడ వన్‌టౌనును ఎరిగినవారికి ఇది క్రొత్తమాట కాదు.

ఇక మన ఇంటిసంగతి. తెలుగునాట నగరసమస్య యొక్క మంచిచెడ్డలను సంపూర్ణముగా చదువుకొనుటకు హైదరాబాదును మించిన పాఠ్యగ్రంథము లేదు. మహమ్మదు కులీ కుతుబ్‌షా 1591లో చార్మినారు నిలిపి, మీర్ మోమిన్ పర్యవేక్షణమున నాలుగు దిక్కులకు నాలుగు బాటలు పరచి కట్టించిన ఈ నగరమునకు అప్పటికే మూడు దశాబ్దుల క్రితము త్రవ్విన హుస్సేనుసాగరము సిద్ధముగనుండెను. అనగా నీటిని ముందు చూచుకొని పిమ్మట ఊరిని కట్టిరి. నాటి రాజులు త్రవ్వించిన చెరువులు గొలుసుకట్టుగా ఒకదాని అలుగు ఒకదానిలో పడునట్లమరియుండెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఒక్క పగటిలో నగరమును ముంచివేసినది; మృతులు పదునైదువేల వరకు ఉందురని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమునందలి చింతచెట్టు నూటయేబదిమందిని తన కొమ్మలపై నిలిపి కాపాడినది. ఆ ఘోరము ముగిసిన పిదప జరిగిన పని చూడుడు. మరుసటి యేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించిరి. ఆయన నగరమున గోడలు కట్టుమనలేదు. నగరమునకు ఎగువన మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయములు కట్టి వరదను అచ్చటనే ఆపి, ఆ నీటినే ఊరికి త్రాగునీరుగ నిచ్చి, నదీతీరమును ఉద్యానములుగ తీర్చి, భూగర్భమున మురుగుకాలువలు వేయుమని చెప్పెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధిమండలి ఇరుకు బస్తీలను తీసి వీథులు వెడల్పుచేసి, పేదలకు ఇండ్లు కట్టి, పత్తర్‌గట్టీవంటి అంగడివీథులను నిర్మించినది. రాచరికపు దోషములెన్నియున్నను, ఒక్క విపత్తునుండి ఇంత పాఠము నేర్చుకొన్న నగరము భారతదేశమున అరుదు.

ప్రజాప్రభుత్వపు దినములలో ఆ పాఠమును మరచిన వేగము అంతకంటె అరుదు! చెరువుల శిఖములు లేఔట్లైనవి. అలుగుకాలువలు నాలాలై, నాలాలపై గోడలు లేచినవి. జంటజలాశయముల చుట్టు పది కిలోమీటర్ల మేర 84 గ్రామములందు నిర్మాణములను అరికట్టుచు 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు కొంతకాలము వానిని కాచినది. 2022లో ఆ ఆంక్షలను సడలించుచు మరియొక ఉత్తర్వు వచ్చినది. నడుమ 2020 అక్టోబరునందు ఒక్క రాత్రి కురిసిన వానకు చెరువుకట్టలు తెగి, కాలనీలకు కాలనీలు నీట మునిగినవి. ఆ నీరు దారితప్పి వచ్చినది కాదు, తన పాతదారినే వచ్చినది. త్రాగునీటికొరకు నేడు నగరము నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి కృష్ణను, అవతల గోదావరిని పంపులతో ఎక్కించుకొనుచున్నది. వియన్నా నగరమును ఇచ్చట పోల్చిచూచుట అనుచితము కాదు. 1873లో ఆల్ప్సు పర్వతపు ఊటలనుండి పల్లమునకు తనంతట పారివచ్చునట్లు అచ్చటివారు నీటికాలువ కట్టుకొని, 1910లో రెండవది చేర్చుకొని, ఆ ఊటల పరిసరములను నేటికిని కంటికి రెప్పవలె కాపాడుకొనుచున్నారు. అగ్రస్థానము వారికి ఊరక రాలేదు.

విజయవాడ కథ వేరు గాని గుణము ఒక్కటే. కృష్ణ ఒడ్డున, మూడు కాలువల నడుమనున్న ఊరు అది. ఒకప్పుడు పడవలు ఏలూరు మీదుగ గోదావరి వరకు పోవుచుండెడివి. 2024 సెప్టెంబరునందు బుడమేరు పొంగి సింగునగరు ప్రాంతమును దినములతరబడి ముంచినపుడు, నది ఒడ్డున కాక వాగు దారిలో కాపురముండుట ఎంత ప్రమాదమో తెలిసివచ్చినది. విశాఖకు సముద్రమును కొండలును ప్రకృతి ఇచ్చిన కట్నము. హుద్‌హుద్ తుపాను ఊరి పచ్చదనమును 2014లో ఊడ్చివేయగా, పౌరులే పూనుకొని మరల చెట్లు నాటిరి. 2020 మే 7న వేకువజామున రసాయన కర్మాగారమునుండి వెలువడిన విషవాయువు నిద్రించుచున్నవారిని చంపిన సంగతి కూడ ఆ నగరచరిత్రలోనిదే; ఇండ్లకును ప్రమాదకర పరిశ్రమకును నడుమ ఎడముండవలెనను నియమము కాగితముపై మిగిలిపోవుటకు అది నిదర్శనము.

నీటి తరువాత ఇల్లు. ఈ విషయమున వియన్నాను విడువ వీలుకాదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆకలితోను క్షయరోగముతోను కృశించిన ఆ నగరమున సోషలిస్టు పురపాలకులు 1923లో ప్రత్యేకమైన గృహపన్ను విధించి, పెద్ద భవనములవారు ఎక్కువగను చిన్న ఇండ్లవారు స్వల్పముగను చెల్లించునట్లు ఏర్పరచి, ఆ రాబడితో పదునొకండేండ్లలో అరువదివేలకు పైగా ఇండ్లు కట్టిరి. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ ఒక కిలోమీటరు పొడవున నిలిచి, 1,382 కాపురములకు చాలునట్లు, బట్టలుతుకు శాలలు, స్నానశాలలు, శిశుపాఠశాల, గ్రంథాలయము, వైద్యశాలలతో కూడియుండెను. నేటికిని వియన్నా జనులలో సగముమంది పురపాలకసంఘపు ఇండ్లలోనో ప్రభుత్వసహాయము పొందిన ఇండ్లలోనో వసించుచున్నారు. సింగపూరున 1960లో ఏర్పడిన గృహనిర్మాణమండలి ఇండ్లలో జనసంఖ్యలో నూటికి ఎనుబదిమంది వరకు నివసించుచున్నారు. ఈ రెండు రాజ్యాంగములకును పొత్తు లేదు. అయినను నగరమధ్యమున సామాన్యునకు తావుండవలెనను పట్టుదల రెంటికిని సమానమే. మన యొద్ద ఇండ్లు కట్టుట లేదని కాదు. 2023లో హైదరాబాదు శివారున కొల్లూరునందు ఒక్కచోటనే రెండు పడకగదుల ఇండ్లు 15,660 ప్రారంభమైనవి. భవనములు చక్కనివే. గోల్కొండ వీథిలోనో బేగంబజారులోనో పనిచేసికొని బ్రదుకు కుటుంబమునకు అవి ఔటర్ రింగురోడ్డు అంచున నుండుటయే చిక్కు. ఇల్లు ఉచితముగ వచ్చినను పనికి పోవు ఛార్జీ ఉచితము కాదు గదా. పేదవానికి ఇంటికంటె ఇంటినుండి పనికి గల దూరమే ముఖ్యమని మన గృహనిర్మాణ శాఖలు ఇంకను గ్రహింపవలసియున్నది.

దూరమునుండి వీథికి వత్తము. 2006నాటి జాతీయ నగరరవాణా విధానము వాహనములకంటె మనుష్యులను తరలించుటయే ప్రధానమని స్పష్టముగ చెప్పినది. చెప్పినదానికి విరుద్ధముగ నడచుట మన పురపాలకులకు అలవాటు. ఏటేట ఫ్లైఓవర్లు లేచుచున్నవి. ఏటేట కాలిబాటలు కుంచించుకొనిపోవుచున్నవి. ఉన్న కాలిబాటపై ట్రాన్స్‌ఫార్మరు, చెట్టుమోడు, మోటారుసైకిలు, పార్టీజెండాదిమ్మె అడ్డముగ నిలిచి, నడచువానిని రోడ్డుమీదికి నెట్టుచున్నవి. హైదరాబాదు మెట్రో 2017లో ప్రారంభమై 69 కిలోమీటర్లకు విస్తరించుట గొప్పమేలే. అయినను స్టేషను మెట్లు దిగిన ముసలమ్మ అవతలి గట్టునకు చేరు మార్గము చూపనంతకాలము దాని ఉపయోగము సగమే. దీనికంటె నిశ్శబ్దముగను విస్తారముగను జరిగిన మార్పు ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచితప్రయాణము. తెలంగాణమున 2023 డిసెంబరున, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టున ఇది అమలునకు వచ్చినది. ఖజానాపై భారమును గూర్చి వాదించువారు వాదింతురు గాక. ఇంటిపనులు చేసికొని బ్రదుకు స్త్రీకి ఇంతకుముందు నడచిపోగల వీథులే పనిప్రదేశములు కాగా, ఇప్పుడు నగరమంతయు ఆమెకు తెరచుకొన్నదన్న సంగతిని ఆ వాదమున మరువరాదు. అమెరికాలో డల్లాసు పరిసరములందు స్థిరపడిన మన పిల్లలయొద్దకు పోయి ఆరుమాసములుండి వచ్చిన తలిదండ్రులను అడుగుడు. ఇల్లు భవనము, పచ్చిక మఖమలు. అయినను కారు నడుపుట రాని వారికి పాలపాకెట్టు తెచ్చుకొనుటకును కొడుకు సెలవుదినము రావలెను.

వీథి నడచుటకు మాత్రమే కాదు, బ్రదుకుటకును. 2014నాటి వీథివ్యాపారుల చట్టము నగరజనసంఖ్యలో నూటికి రెండున్నరపాళ్ల వరకు తోపుడుబండ్లవారికి చోటు చూపవలెననియు, ఆ చోటును నిర్ణయించు సంఘమున నూటికి నలుబదిమంది వారి ప్రతినిధులే యుండవలెననియు విధించినది. బండ్లను లారీలోనికెత్తి పడవేయు సిబ్బందికి ఈ చట్టము ఉన్నదన్న జ్ఞానమైనను కలుగవలసియున్నది. 1999లో పుట్టిన రైతుబజారులు దళారిని తప్పించి పల్లెను పట్టణపు వాకిట నిలిపినవి. ఇన్నేండ్ల తరువాతను జనము సంచులతో వరుసలు కట్టుచున్నారు. ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకములు పరచు వర్తకులు ఆ నగరమునకు చేయు విద్యాసేవ ఏ విశ్వవిద్యాలయమునకును తీసిపోదు. ఈ మాటతో గ్రంథాలయములు జ్ఞప్తికి వచ్చుచున్నవి. హైదరాబాదునందు 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1911నాటి బెజవాడ రామమోహన గ్రంథాలయము, రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము, ఇవి అన్నియు ప్రజలు చందాలు వేసికొని కట్టుకొన్నవి. నేడు 1960నాటి చట్టము ప్రకారము ఆస్తిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయముల కొరకని వసూలగుచునేయున్నది. వసూలైనది గ్రంథాలయమునకు సకాలమున చేరుట మాత్రము అరుదు. పోటీపరీక్షల కుర్రవారు చెట్లక్రింద కుర్చీలు తెచ్చుకొని చదువుకొనుట మన గ్రంథాలయావరణములలో నిత్యదృశ్యము. మండువేసవిలో చల్లని నీడన ఒక కుర్చీ, ఒక దీపము, ఎవరును లెమ్మనని నాలుగు గంటల కాలము. ఒక్కగది అద్దెకొంపలో నలుగురుండు యువకునకు నగరము ఇవ్వగల ఉపకారములలో ఇంతకంటె చవకయైనది లేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. ఇన్ని లోపములున్న నగరములకు జనము ఏల వచ్చుచున్నారు? కూలి కొరకని సులభముగ చెప్పవచ్చును, అది నిజమును. అయితే కూలితోపాటు మరియొకటి గలదు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభయందు అంబేద్కరుగారు గ్రామములను ఆదర్శములుగ కొనియాడువారిని తీవ్రముగ ఖండించినపుడు, ఆయన పలికినది ఊరిబయట పుట్టినవారి అనుభవము. ఎవరి కొడుకో తెలియని చోట, ఇరానీ హోటలులో ఒకే బల్లకు ఎదురెదురుగ కూర్చుండి చాయి త్రాగగల చోట, పేరు చెప్పి పని సంపాదింపగల చోట మనిషికి కొత్తజన్మ కలుగును. శతకకర్త చెప్పిన నాలుగవ లక్షణమును నేటి నగరమునందు మార్చి వ్రాయవలసివచ్చినచో, పుట్టుకను అడుగని పొరుగువాడు అని వ్రాయవలెను. మన నగరములు ఈ పరీక్షలో ఇంకను ఉత్తీర్ణములు కాలేదు. టులెట్ బోర్డు చూచి లోనికి పోయినవానిని ఇంటిపేరడిగి, ఊరడిగి, మాంసము తిందురా అని అడిగి, చివరకు ఇల్లు ఇదివరకే ఇచ్చివేసితిమని చెప్పి పంపు గృహస్థులు మన కాలనీలలో కొల్లలు. ఏ సూచికయందును ఈ లోపమునకు మార్కులు తగ్గించు పద్ధతి లేదు.

కవి విడిచిన రాజు సంగతి ఇప్పుడు చూతము. నీరు, ఇల్లు, వీథి, గ్రంథాలయము, వీనినన్నిటిని నడపువాడొకడు కావలెను. అతడు నగరమువాడై, నగరమునకు జవాబుదారియై యుండవలెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానికస్వపరిపాలన తీర్మానము చేయుటకు పూర్వమే, 1861లో భీమునిపట్టణమున పురపాలకసంఘము వెలసినది. టంగుటూరి ప్రకాశంగారు దేశనాయకుడగుటకు పూర్వము రాజమహేంద్రవర పురపాలకాధ్యక్షుడు. 1992నాటి 74వ రాజ్యాంగసవరణ పదునెనిమిది అధికారములను నగరసభలకు అప్పగింపవచ్చునని పట్టిక కట్టినది. అప్పగించుటయు మానుటయు రాష్ట్రముల ఇష్టమైనందున, ముఖ్యమైనవెన్నియో రాజధాని సచివాలయమునందే నిలిచిపోయినవి. హైదరాబాదున నీరు 1989నుండి ఒక ప్రత్యేకమండలి చేతిలో నున్నది, భూమి మహానగరాభివృద్ధి సంస్థ చేతిలో, మెట్రో వేరొకరి చేతిలో, బస్సులు మరియొకరి చేతిలో. మేయరుగారి చేతిలో మిగిలినవి చెత్తబండ్లు, వీథిదీపములు, సన్మానపు శాలువలు. విశాఖ వంటి మహానగరమున 2012నుండి 2021 వరకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. తొమ్మిది సంవత్సరములు యజమాని లేని ఇంటిలో కప్పు కారినచో ఆశ్చర్యమేమున్నది? చక్కని నగరము ప్రణాళికచేత కాక నిత్యమరమ్మతుచేత నిలుచును. 2015లో శంకుస్థాపనమైన అమరావతికి రైతులిచ్చిన ముప్పదిమూడువేల ఎకరములు, విదేశీనిపుణుల పటములు, పదేండ్ల రాజకీయపు ఒడుదొడుకులు ఉన్నవి. అందు ఎన్ని అంతస్తులు లేచునన్నదానికంటె, మొదటి వార్డుసభ ఎన్నడు కూడునన్నది నాకు ముఖ్యముగ తోచుచున్నది.

నా తీర్పు నడిగినచో, జీవనోపాధికి హైదరాబాదు, గాలికి విశాఖ, పొరుగుతనమునకు బెజవాడ వన్‌టౌను మేలైనవి. సామాన్యుడు నిశ్చింతగ నడచుటకు మూడింటిలో ఏదియు పనికిరాదు. కావున పాఠకులకు ఒక్క మనవి. రాబోవు పురపాలక ఎన్నికలలో అభ్యర్థి మీ వాకిటికి వచ్చినపుడు అతని పార్టీని తరువాత అడుగవచ్చును. మీ వార్డునందు కుళాయి ఎన్ని గంటలకు ఎంతసేపు వచ్చుచున్నదో, వానకాలమున నీరు ఏ కాలువగుండ ఏ చెరువులో పడుచున్నదో, బస్టాపు వరకు కాలిబాట ఎచ్చట తెగిపోయినదో, గ్రంథాలయపు పన్ను ఎచ్చటికి పోవుచున్నదో అతనికి తెలియునేమో అడిగిచూడుడు. తెలియదన్నవానికి ఓటు వేయకుడు.